శుభవార్త అని పైన రాసిన ఉత్తరాలు

గోదావరికి పెద్ద వరదొచ్చి లంకలు మునిగిన ఏడాది కాదు, ఆ మరుసటి ఏడు. పి.గన్నవరంలో దుర్గాప్రసాద్ నెట్ సెంటరు పెట్టాడు. బోర్డు మీద పేరు అతనిది. తాళం తీసేది, తుడిచేది, కంప్యూటరు ముందు కూర్చునేది అతని భార్య అనురాధ. మధ్యలో ఇంటికి పరుగెత్తి వండి వచ్చేది. ఎవరైనా అడిగితే, "మా ఆవిడ ఊరికే కాసేపు కూర్చుంటుందండీ" అనేవాడు. ఆ కాసేపు పన్నెండు గంటలు.

వారానికోసారి ఆమె కువైట్‌లో ఇళ్ళ పనికి వెళ్ళిన ఊరి ఆడవాళ్ళు నలభై మందికి ఒకటే మెయిలు పంపేది. ఎవరి పిల్లకి జ్వరం తగ్గింది, ఎవరి గేదె ఈనింది, అన్నీ తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేది. ఒకసారి పైన, విషయం రాసే చోట, జ్వరాల సంగతి రాసింది. కొడుక్కి అన్నం కేరేజీ తెచ్చిన అత్తగారు కృష్ణవేణి అదేమిటని అడిగి తెలుసుకుని మండిపడింది.

"మన కొట్లోంచి వెళ్ళే ఉత్తరం నెత్తిన రోగాలు పెడతావేంటమ్మాయ్? లోపలేవన్నా ఏడువు. పైన మాత్రం శుభం ఉండాలి."

"గుడ్ న్యూస్ అని కొట్టవే. పెద్దక్షరాల్లో, మూడుసార్లు" అన్నాడు దుర్గాప్రసాద్.

అప్పట్నించీ అలాగే కొట్టింది. కడుపు పోయిన మూడోనాడే పేరంటాళ్ళకి నవ్వు మొహంతో తాంబూలాలిచ్చిన మనిషికి అదొక కష్టమనిపించలేదు.

ఆ శ్రావణంలో, ఆ నలభై మందిలో ఒకతైన సువార్తమ్మ తల్లి మరియమ్మ మంచం పట్టింది. సువార్తమ్మ పనిచేసే ఇంట్లో ఫోను ముట్టనివ్వరు. అక్కడ సెలవు రోజైన శుక్రవారం చర్చికి ప్రార్థనకి వెళ్ళినప్పుడే, పక్కనున్న నెట్ షాపులో మెయిలు చూసుకుంటుంది. కువైట్ వెళ్ళేముందు అనురాధ చేతులు పట్టుకుని చెప్పింది: "అమ్మకేవన్నా అయితే ఒక్క ముక్క రాయండమ్మగారూ. అక్కణ్ణించి ఫోను చేసుకుంటాను. గొంతు వినిపిస్తే చాలండి."

అనురాధ మూడు వారాలు రాసింది. జవాబు లేదు. సువార్తమ్మ తమ్ముడు లాజరు రోజూ వచ్చి గుమ్మంలో నిలబడేవాడు.

"అక్క ఏవన్నా రాసిందాండీ?"

"లేదు లాజరూ."

"ఆయ్. అమ్మ అడుగుతోందండి."

నాలుగో శుక్రవారం పొద్దున్న మళ్ళీ పంపింది. ఈసారి అసలు చేరుతోందో లేదో చూద్దామని, తనకోసం దాచుకున్న వేరే మెయిలు అడ్రసూ ఆ నలభైతో కలిపింది. ఆ మెయిలు తెరిచి చూస్తే ఏమీ రాలేదు. పక్కన స్పామ్ అన్న పెట్టె నొక్కింది. లాటరీ తగిలిందనే దొంగ ఉత్తరాల మధ్య తన ఉత్తరం ఉంది. గుడ్ న్యూస్, గుడ్ న్యూస్, గుడ్ న్యూస్. లోపల మొదటి మాట, సువార్తమ్మా మీ అమ్మకి బాగులేదు అని.

అప్పుడే వచ్చిన భర్తకి చూపించింది. "పైన అలా అరిచినట్టు రాసి నలభై మందికి ఒక్కసారే పంపుతుంటే, మిషను మనల్ని మోసగాళ్ళనుకుంటోందండీ. ఉన్నమాట పైన రాసి, ఒక్కొక్కళ్ళకీ విడిగా పంపాలి. సువార్తమ్మ అక్కడ నెట్ షాపుకొచ్చే వేళయింది."

"నలభై సార్లా? మా అమ్మ ఉపవాసం విడవాలి. ముందు ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించు. ఉత్తరాలెక్కడికీ పోవులే."

ఒక్క సువార్తమ్మకి పంపడానికి రెండు నిమిషాలు చాలు. అది ఆమెకి తెలుసు. అయినా లేచింది. ఆ ఇంట్లో లేవమంటే లేవడం కాళ్ళకి అలవాటు. వండింది, వడ్డించింది, గిన్నెలు కడిగింది. తిరిగొచ్చి పంపేసరికి కువైట్‌లో ప్రార్థన అయిపోయి గంట దాటింది; సువార్తమ్మ షాపు వదిలి వెళ్ళిపోయి ఉంటుంది.

సాయంత్రం లాజరు వచ్చాడు. "అమ్మ పోయిందండి. చివరిదాకా ఫోను చేతిలోనే పెట్టుకుందండి."



మర్నాడు పొద్దున్న ఆమె పొయ్యి వెలిగించలేదు. సెంటరు తెరిచి ఒక్కొక్కళ్ళకీ విడిగా రాసింది: మరియమ్మ చనిపోయింది, సువార్తమ్మకి కబురందించండి, నా పాత ఉత్తరాలు స్పామ్‌లో ఉంటాయి, తీసి చదవండి. "కాఫీ ఏదే?" అంటూ భర్త గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె తల తిప్పలేదు. ఆఖర్న సువార్తమ్మకి, తప్పు నాది అని రాసింది. చాలాసేపు దాన్నే చూసింది. చెరపలేదు. దాని కింద ఇంకో మాట చేర్చింది: నిన్న నీకు రాయకుండా వంటకి లేచి వెళ్ళాను, ఇంక వెళ్ళను.