సవతికి పుంలింగం

బారెడు, అంతే, ఒక్క బారెడు వైరు తక్కువైంది, ఈ గది కట్టినవాడెవడో గానీ మంచం పక్కన ఒక ప్లగ్గు పెట్టాలన్న ఇంగితం లేదు వాడికి, ఉన్న ప్లగ్గులన్నీ అద్దం కింద బల్ల దగ్గరే, మంచం పక్కన ఫోను ఛార్జింగుకి చిన్న కన్నం ఒకటుంది, దానితో ఫోను బతుకుతుంది గానీ మనిషికి ఊపిరందించే మిషన్ బతకదు, మంచం జరుపుదామా అంటే కాళ్ళు నేలకి బిగించేశారు, తలవైపు కాళ్ళూ కాళ్ళవైపు తలా పెట్టి పడుకుంటే అందుతుందేమో అని కూడా చూసింది ఆవిడ, అప్పటికీ అందలేదు, అందలేదని ఆవిడ ముఖం వాడిపోతుంటే పక్కన నిలబడి అయ్యయ్యో అంటున్న మొగుడికి లోపల ఎక్కడో చక్కిలిగింత పెట్టినట్టయింది, అయినట్టు తనకు తాను కూడా ఒప్పుకోలేదు, ఇప్పుడు ఆవిడ స్నానాల గదిలో ఉంది, నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది, ఓడ ఇంకా రేవులోనే ఉంది, మిషన్ మాత్రం గొట్టం మెడకు చుట్టుకుని బల్ల మీద కొత్తల్లుడిలా కూర్చుంది, మర్యాదలు ఎప్పుడు మొదలవుతాయా అని.

ఆడదానికైతే ఈ మంటకి ఒక మాటుంది, సవతి అంటుంది, సవతిపోరు అంటుంది, విన్నవాళ్ళంతా అయ్యో పాపం అంటారు, మగవాడికేముంది, సవతికి పుంలింగం ఏమిటో బళ్ళో ఏ మాస్టారూ చెప్పలేదు, సవతుడా, సవతయ్యా, అనుకుంటే నవ్వొచ్చింది, నవ్వొస్తూనే ఒళ్ళు మండింది, ఎందుకంటే ఈ డబ్బా ఇంట్లో అడుగుపెట్టక ముందు ఆవిడ ఊపిరికి కాపలాదారు తనే, ఉద్యోగమంతా రాత్రి బస్సు నడిపిన మనిషి, ఇంజను చప్పుడు రవ్వంత మారితే చాలు ఒళ్ళంతా చెవులయ్యేవి, రిటైరయ్యాక ఆ చెవులకి పని లేకపోతే ఆవిడ గురకే పనయింది, గురక మొదలైతే కాదు, ఆగితే మెలకువ వచ్చేది అతనికి, గుర్రుమంటూ సాగుతున్నది ఉన్నట్టుండి ఠక్కున ఆగిపోయేది, ఊపిరి గొంతులో ఎక్కడో చిక్కుకునేది, అతను భుజం పట్టుకుని ఊపేవాడు, ఆవిడ మునిగినవాళ్ళు తేలినట్టు ఒక్కసారి గాలి లాగి అటు తిరిగి పడుకునేది, మళ్ళీ గురక, మళ్ళీ కాపలా, తెల్లారేసరికి అతని కళ్ళు చింతనిప్పుల్లా ఉండేవి, ఏమయ్యా ఈ వయసులో మందు మొదలెట్టావా అని పాత కండక్టరు వేళాకోళం చేస్తే నవ్వి ఊరుకునేవాడు, బస్సు నిండా జనాన్ని మోసినప్పుడు కూడా ఎరగని గొప్ప అది, ఒక మనిషి ప్రాణం తన అరచేతి కింద ఉంది, ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు.

తెలియకుండా ఉంటే బాగుండేది, ఆవిడ చెల్లెలు పెట్టిన చిచ్చు ఇది, అక్కా నువ్వు పట్టపగలు కూర్చున్నచోటే కునికిపాట్లు పడుతున్నావు ఒకసారి చూపించుకో అంది, ఆసుపత్రిలో పడుకోబెట్టి ఒంటినిండా తీగలు అంటించి చూశారు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బన్నారు, ఆ సంగతి తను ఆవిడకి ఎప్పుడో చెప్పాడు కదా, తను చెబితే గురక, వాళ్ళు చెబితే జబ్బు, రాత్రిళ్ళు ముక్కుకి మాస్కు పెట్టి గాలి ఊదే ఈ మిషన్ రాసిచ్చారు, ఆ పైన మాస్కు బిగించే ఆయన వచ్చాడు, సన్నటి వేళ్ళు, గోళ్ళు కూడా శుభ్రంగా కత్తిరించుకున్నాడు, ఆవిడ చెంపల మీద పట్టీలు సర్దుతూ కొంచెం నవ్వండమ్మా, నవ్వితేనే ఎక్కడ వదులుందో తెలుస్తుంది అన్నాడు, ఆవిడ నవ్వింది, మాస్కు లోపలి నుంచి కళ్ళతో నవ్వింది, పక్కన కుర్చీలో తను ఒకడున్నాడని ఆ ఇద్దరికీ గుర్తుందో లేదో, ఆ రాత్రి నుంచి గదిలో గురక లేదు, సన్నగా గాలి పోతున్న చప్పుడు మాత్రమే, అతను అలవాటుగా మేలుకుని భుజం మీద చెయ్యి వేయబోతే ఆవిడ నిద్రలోనే చేతిని పక్కకు తోసేసింది, ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే, పొద్దున లేచి మాస్కుని చంటిపిల్ల పాలసీసా కడిగినంత ముద్దుగా కడుగుతుంది, నీడన ఆరబెడుతుంది, వేలు తగిలితే మరకవుతుంది ముట్టుకోకండి అంటుంది, ఇవన్నీ దిగమింగాడు గానీ చెల్లెలితో ఫోనులో అన్న మాట మాత్రం గొంతు దిగలేదు, మా ఆయన కంటే ఇదే నమ్మకమే, దీనికి కునుకు పట్టదు అంది, నవ్వుతూనే అంది, అయినా అంది.

పైగా ఈ ఓడ ప్రయాణం, గురక పెడతానన్న సిగ్గుతో సొంత చెల్లెలింట్లో కూడా పడుకోని మనిషి, ఎంత పొద్దుపోయినా ఇంటికి లాక్కొచ్చేసే మనిషి, ఇప్పుడు నాకేం భయం, నా మిషన్ నాకుంది, సముద్రం చూద్దాం పదండి అంది, నా మిషన్ నాకుంది అంది గానీ మీరున్నారుగా అనలేదు, సరే ఆ మిషన్‌కైనా నేనే దిక్కు కావాలని అతను బజారంతా తిరిగి ఉన్నవాటిలోకెల్లా బరువైన పొడుగు వైరు బోర్డు కొన్నాడు, కరెంటు ఎగిరిపడినా తట్టుకుంటుంది, పిడుగు పడినా మిషన్‌కి ఏమీ కాదు అని కొట్టువాడు చెప్పాడు, ఎర్రలైటు కూడా వెలుగుతుంది, దాన్ని తన చొక్కాల మధ్య పెట్టుకుని తెచ్చాడు, తీరా ఓడ ఎక్కే దగ్గర సామాన్లు తనిఖీ చేసే తెల్లబట్టల అమ్మాయి ఆ బోర్డునే బయటకి లాగింది, ఇది లోపలికి పనికిరాదండి అంది, ఎందుకు పనికిరాదు, ఉన్నవాటిలో మంచిది అన్నాడు, ఆ మంచే ఇక్కడ చెడ్డండి, ఇంట్లో కరెంటు వేరు ఓడలో వేరు, ఎగిరే కరెంటుని ఆపడానికి మీ బోర్డులో పెట్టిన బిళ్ళ ఇక్కడ వేడెక్కి అంటుకుంటుంది, నీళ్ళ మీద నిప్పంటుకుంటే పారిపోవడానికి వీధులుండవు కదండీ అంది, వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు, ఆవిడ మాత్రం అమ్మా మరి నా మిషన్ ఎలా అని అడిగింది, వైద్యం మిషన్లకి మా దగ్గర వేరే వైరు ఉంటుంది, ఆ బిళ్ళ లేనిది, మీ గదికే పంపిస్తాం, మిషన్‌లో పోసే శుద్ధి చేసిన నీళ్ళు కూడా పంపిస్తాం, మీరు నిశ్చింతగా ఉండండి అంది ఆ అమ్మాయి, ఆవిడ ముఖం వెలిగింది, వెలిగించింది తను కాదు, ఎవరో దారిన పోయే అమ్మాయి, తను మోసుకొచ్చిన బోర్డు దొంగసొత్తులా బల్ల కింద బుట్టలోకి పోయింది.

తలుపు టకటకలాడింది, నీళ్ళ చప్పుడులో ఆవిడకి వినిపించలేదు, తీస్తే గది చూసుకునే మనిషి, నలభై దాటినవాడే గానీ నలగని చొక్కా, దువ్విన మీసం, ఒక చేతిలో చుట్ట చుట్టిన వైరు, ఇంకో చేతిలో నీళ్ళ సీసా, అమ్మగారి మిషన్‌కండీ, నేనే వచ్చి బిగిస్తాను, నడిచే దారిలో అడ్డం పడకుండా గోడవారగా తిప్పాలి అన్నాడు, ఇంకొకడు, వీడూ వచ్చి బిగిస్తాడట, ఆవిడ బయటకి వచ్చి అబ్బ ఎంత పుణ్యం కట్టుకున్నారు అంటుంది, కళ్ళతో నవ్వుతుంది, అక్కర్లేదండీ అన్న మాట అతని నోట్లోంచి దానంతటదే బయటపడింది, మాది బ్యాటరీ మీద నడుస్తుంది, ఇంటి దగ్గరే నింపుకొచ్చాం, ఆ మనిషి ఒక క్షణం బల్ల మీది మిషన్ వైపు చూశాడు, సరేనండీ, కావాలంటే ఫోనులో తొమ్మిది నొక్కండి అని వెళ్ళిపోయాడు, తలుపు మూసి అతను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు, ఆ భయంలో సంతోషం కూడా ఉంది, ఎవరండీ వచ్చింది అని ఆవిడ లోపలినుంచి అడిగింది, తువ్వాళ్ళు కావాలా అని వచ్చాడు, వద్దన్నాను అన్నాడు, వైరు సంగతి అడిగారా అంది, పంపిస్తార్లే, ఎంతమందికి పంపాలో వాళ్ళు మాత్రం అన్నాడు, ఒక అబద్ధానికి ఇంకొకటి తోడు కావాలని ఊరికే అనలేదు.

ఆవిడ తడి జుట్టు తుడుచుకుంటూ మంచం అంచున కూర్చుంది, ప్రయాణం బడలిక, రెప్పలు బరువుగా వాలిపోతున్నాయి, అయినా పడుకోదు, మిషన్ వైపు చూస్తుంది, తలుపు వైపు చూస్తుంది, కాసేపు నడుం వాల్చు అన్నాడు, వైరు రానీండి అంది, నేనున్నానుగా అన్నాడు, ఆ మాట అని ఎన్నాళ్ళయిందో, గొంతు కొత్తగా వినిపించింది, ఆవిడ అతని ముఖంలోకి చూసింది, సరే, మీరు మాత్రం నిద్రపోకండి అని పక్కకి ఒత్తిగిలింది, నిద్రపోవడమా, స్టీరింగు పట్టుకుని ఏనాడూ ఒక్క కునుకు తీయని మనిషితోనా ఆ మాట, కుర్చీ మంచం పక్కకి లాక్కుని కూర్చున్నాడు, గురక మొదలైంది, ఆహా, ముందు సన్నగా, తర్వాత గరగరా, తప్పిపోయిన ఆవు కొట్టంలోకి తిరిగొచ్చి అరిచినట్టుంది అతనికి, బల్ల మీద మిషన్ నోరు మూసుకుని కూర్చుంది, చూస్తున్నావా అన్నాడు దానితో మనసులోనే, నీకు వైరు కావాలి, బిళ్ళ లేని బోర్డు కావాలి, శుద్ధి చేసిన నీళ్ళు కావాలి, నాకేం కావాలిరా, ఒక కుర్చీ చాలు, గురక ఆగింది, భుజం పట్టుకుని ఊపాడు, ఆవిడ గాలి లాగింది, ఎంత హాయి, మళ్ళీ ఆగింది, మళ్ళీ ఊపాడు, కింద ఎక్కడో ఓడ ఇంజను మొదలైనట్టుంది, నేల సన్నగా అదురుతోంది, పెద్ద ఇంజను, తీరుగా నడుస్తోంది, నడిపేవాడు పనిమంతుడే, ఒక్క తడబాటు లేదు, గేరు మార్చినట్టే తెలియదు, అసలు ఓడకి గేర్లుంటాయా, తను నడపక్కర్లేదు, ఈ ఒక్కసారికి ఇంకెవరో నడుపుతున్నారు, వెనక సీట్లలో జనమంతా తలలు వాల్చేసేవారు, ఎంత సుఖంగా నిద్రపోయేవారో వాళ్ళు, అద్దంలో చూసి ఈర్ష్యపడేవాడు,

భోంమని ఓడ కూత వేసింది, ఉలిక్కిపడి లేచాడు, కిటికీ అవతల రేవు లేదు, ఉన్నదంతా నీళ్ళే, గదిలో చప్పుడు లేదు, గురక లేదు, ఎంతసేపయింది, ఎప్పుడు ఆగింది, ఆవిడ నోరు తెరిచి ఉంది, పెదవులు రంగు మారాయి, భుజం ఊపాడు, కదలలేదు, ఇంకా గట్టిగా ఊపాడు, రెండు చేతులా పట్టుకుని ఏమే ఏమే అని కుదిపేశాడు, అప్పుడు వచ్చింది ఊపిరి, బట్ట చిరిగినట్టు చప్పుడు చేస్తూ వచ్చింది, వస్తూనే ఆవిడ కళ్ళు తెరవకుండా లేచానండీ, లేచాను, ఇంక గురక పెట్టనులెండి అంది, క్షమించమన్నట్టు అంది, ఎన్నేళ్ళుగానో అదే మాట, ఏదో నిద్రమాట అనుకున్నాడే గానీ ఎన్నడూ చెవిన పెట్టలేదు, ఆ రాత్రుళ్ళన్నీ అతను లేపిన ప్రతిసారీ ఆవిడ లేచింది, లేచి తప్పు చేసినదానిలా చెప్పుకుంది, కాపలా కాసి కాసి తన కళ్ళు ఎర్రబడ్డాయని లోలోపల మురిసిపోయాడు గానీ అన్నేళ్ళూ ఆవిడని ఒక్క రాత్రి కూడా నిద్రపోనివ్వలేదని తట్టలేదు, పట్టపగలు ఆవిడకి వచ్చిన కునికిపాట్లు ఎక్కడివి మరి, ఫోను తీసి తొమ్మిది నొక్కాడు, ఆ వైరు తీసుకురండి, వెంటనే అన్నాడు, బ్యాటరీ ఉందన్నారు కదండీ అంది అవతలి గొంతు, లేదండీ, అబద్ధం చెప్పాను అన్నాడు, ఆవిడ లేచి కూర్చుంది, చెమట పట్టిన ముఖం తుడుచుకుంటూ అంతా వింది, కోప్పడుతుందేమోనని చూశాడు, కోప్పడలేదు, ఎందుకండీ అని మాత్రం అడిగింది, పిల్లలు చందమామ గురించి అడిగినట్టు తెలియకే అడిగింది, నీ మీద ప్రేమ కొద్దీ అని నాలుక చివరిదాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది, ఎందుకంటే ఆవిడ ఊపిరి తీసుకోవాలని అతను ఎన్నడూ కోరుకోలేదు, తను లేకపోతే తీసుకోలేకపోవాలని కోరుకున్నాడు.