గది ఖాళీ, లైటు ఆర్పడమైనది

నాకు ముక్కు మీదే కోపం అంటుంది మా చెల్లి. అబద్ధం. ఈ కోపం రావడానికి మూడు నెలలు పట్టింది.

నేను ఒక పెద్దాసుపత్రి రికార్డుల గదిలో పనిచేస్తాను. డాక్టర్లు రోగిని చూశాక తాము గమనించిందంతా నోటితో చెప్పి రికార్డు చేస్తారు. ఆ మాటలు ఆసుపత్రి సొంత వైఫై మీద నాకు చేరతాయి. విని, తప్పుల్లేకుండా రాసి, తిరిగి పంపడం నా పని. నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఒళ్లో పట్టేంత బ్రెయిలీ పరికరం మీద రాస్తాను. దాన్ని నేను పెట్టె అంటాను. పెట్టెకి తెర ఉండదు. పైన చుక్కల మీటలు, కింద వేళ్లకి తగిలేలా లేచి పడే సన్నటి బొడిపెల వరుస ఉంటాయి. నేను రాసిందీ, అది నాకు చెప్పేదీ ఆ వరుస మీదే చదువుకుంటాను. పక్క సీట్లలో ఇద్దరు టైపిస్టులున్నారు. వాళ్లు రెండు రిపోర్టులు పంపేలోపు నేను మూడు పంపుతాను. గొప్పలకి చెప్పడం లేదు, లెక్క చూసుకోమనండి.

అంతా నెట్ ఉంటేనే. అది మధ్యాహ్నం ఒంటిగంటకి పోయేది. రెండింటికి వచ్చేది. మళ్లీ సాయంత్రం అయిదింటికి పోయేది. టైపిస్టులు ఒంటిగంటకి భోజనానికి, అయిదింటికి ఇంటికి వెళ్లిపోతారు. నేను డబ్బా తెచ్చుకుని సీట్లోనే తింటాను. నన్ను తీసుకెళ్లే వ్యాను ఆరింటికి గానీ రాదు. కాబట్టి నెట్ పోయినప్పుడల్లా గదిలో నేనొక్కదాన్నే ఉండేదాన్ని.

ఈ సంగతి సూపరింటెండెంటుకి చెప్పాను. ఆయన్ని వెనకాల అందరూ రూళ్లకర్ర అంటారు. నేను ఆయన ఎదుట సార్ అనీ, మనసులో రూళ్లకర్ర అనీ అంటాను.

"అంటే ఎవరూ చూడనప్పుడే పోతుందంటావు," అన్నాడాయన.

"అవును సార్."

"భలే నెట్టమ్మా! దానికి కూడా సిగ్గన్న మాట."

టైపిస్టులు కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్లు మండింది. అయినా ఇంకా మూడు నెలల ట్రయల్ మీద ఉన్నదాన్ని, నోరు మూసుకున్నాను.

ఫిర్యాదు చేసినప్పుడల్లా నెట్ మెకానిక్ వచ్చేవాడు. ఆయన వచ్చి, స్టూలు లాక్కుని, ఏం నొక్కారు మేడమ్, ఎక్కడ నొక్కారు అని నాలుగు ప్రశ్నలు వేసేలోపు పెట్టె నా వేళ్ల కింద గుచ్చేది: నెట్‌వర్క్ దొరికింది. "ఇదుగో, వచ్చేసింది కదా!" అని చేతులు దులుపుకుని వెళ్లిపోయేవాడు. పోతూ పోతూ బయట ఫిర్యాదుల పుస్తకంలో ఒక వరుస రాసేవాడు. కారణం అన్న గడిలో ఎప్పుడూ ఒకటే మాట, వాడేవారి పొరపాటు అని టైపిస్టులు చదివి చెప్పేవారు. మూడు నెలల్లో అలాంటి వరుసలు ఇరవై మూడు.

వాడేవారంటే నేను. ఎవరింట్లో బ్రెయిలీ పెట్టెకి వైఫై అందకపోయినా, చూపు లేని మా వాళ్లంతా ఫోన్ చేసేది నాకు. పాస్‌వర్డు కంప్యూటర్ బ్రెయిలీలో కొట్టావా, పాత నెట్‌వర్కు చెరిపేశావా, పక్కన వైర్‌లెస్ మీట ఏ వైపుంది అని ఒక్కొక్కటే అడిగి, పది నిమిషాల్లో దారిలో పెడతాను. అలాంటిదాన్ని పట్టుకుని ఇరవై మూడు సార్లు పొరపాటన్నారు. రాత్రుళ్లు పళ్లు కొరుకుతున్నావని చెల్లి చెప్పింది. కొరకనా మరి?

ట్రయల్ ఆఖరి రోజు ఒంటిగంటకి రూళ్లకర్ర గుమ్మంలో నిలబడి, "అయిదు రికార్డింగులు పంపాను. రెండింటికల్లా అయిదూ నా బల్ల మీద ఉండాలి. మూడింటికి నీ సంగతి తేలుస్తా," అన్నాడు.

"సార్, ఒంటిగంట నుంచి రెండు దాకా నెట్..."

"అదిగో, మొదలుపెట్టింది!"

తలుపు మూసుకుంది. టైపిస్టుల చెప్పుల చప్పుడు వరండాలో దూరమైంది. రెండు నిమిషాలైనా కాలేదు, పెట్టె వేలికి చెప్పింది: నెట్‌వర్క్ దొరకలేదు.

ఈ ఉద్యోగం పోతే ఏమవుతుందో నాకు తెలుసు. 'ఇలాంటి వాళ్లకి ఈ పని కుదరదు' అని ఒక ముక్క రాసి పెట్టుకుంటారు. నా తర్వాత వచ్చే మా వాళ్ల ముందు ఆ ముక్కే అడ్డం పెడతారు.

పెట్టె ఆపి మళ్లీ పెట్టాను. పాత నెట్‌వర్కు చెరిపి, పాస్‌వర్డు ఒక్కొక్క అక్షరం చొప్పున కొట్టాను. పెట్టెని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని గదంతా తిరిగాను. ఎక్కడికెళ్లినా దొరకలేదు. పాస్‌వర్డు తప్పయితే తప్పని చెబుతుంది. దూరమైతే సిగ్నల్ తక్కువంటుంది. ఇది అసలు నెట్‌వర్కే లేదంటోంది. కరెంటు పోలేదు, నెత్తిన ఫ్యాను తిరుగుతూనే ఉంది.

రోగుల కాగితాలున్న గది కాబట్టి సెల్‌ఫోన్లు లోపలికి తేకూడదు. అందరివీ బయట అరలో పడేసి రావాలి, అది రూళ్లకర్ర పెట్టిన రూలే. బల్ల మీది ఆఫీసు ఫోన్ నుంచి చెల్లికి చేశాను. దానికీ నాలాగే చూపు లేదు, మేమిద్దరమే ఉంటాం.

"అక్కా, రౌటరు మీద చెయ్యేసి చూశావా? వేడిగా ఉందా, చల్లగా ఉందా?"

"దాని జోలికి వెళ్లొద్దన్నారే. షాకు కొడుతుందట."

"మనింట్లో రోజూ ముట్టుకునేదే కదా! అందరికీ పాఠాలు చెబుతావు, ఇది తట్టలేదా నీకు?"

నిజమే, తట్టలేదు. తట్టినా ముట్టుకునేదాన్ని కాదేమో. చూపున్నవాళ్లు ముట్టుకోకు అంటే చెయ్యి వెనక్కి తీసుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు చేశారు మాకు. నా మీద నాకే చిరాకేసింది.

స్టూలెక్కి అల్మారా పైన తడిమాను. రౌటరు మంచినీళ్ల గ్లాసంత చల్లగా ఉంది. దానికి కరెంటే లేదు. దాని వైరు పట్టుకుని వెళ్లాను. అల్మారా వెనక సాకెట్టు, అక్కడి నుంచి గోడ మీద ప్లాస్టిక్ పట్టీ, పట్టీ తలుపు పైన కన్నంలోంచి బయటికి దూరింది. వరండాలోకి వచ్చి మళ్లీ గోడ తడిమాను. పట్టీ కిందికి దిగి ఒక స్విచ్‌బోర్డులో కలిసింది. ఆ బోర్డు అక్కడున్నట్టే నాకు తెలియదు. రెండు స్విచ్చిలున్నాయి. ఒకటి కదిలించినా ఏమీ తెలియలేదు. రెండోది నొక్కి లోపలికి వచ్చి కూర్చున్నాను.

రెండు నిమిషాలకి బొడిపెలు లేచాయి: నెట్‌వర్క్ దొరికింది. మొదటి రికార్డింగు దిగడం మొదలైంది. అంతలో వరండాలో గొంతు వినపడింది.

"ఎవరివో గానీ ఈ పనులు! ఖాళీ గదిలో లైటేసి పోతారు."

టక్. నా వేళ్ల కింద నెట్ చచ్చిపోయింది.

అరికాలి మంట నెత్తికెక్కింది. తలుపు బార్లా తీసి అరిచాను. "ఎవరది? ఖాళీ ఏంటి? నేనున్నాను!"

అటెండరు బాబాయ్. ఈ ఆసుపత్రిలో నాకు మంచినీళ్లు తెచ్చిచ్చే ఒకే ఒక్క మనిషి. వాన పడితే వ్యాను దాకా గొడుగు పట్టేది కూడా ఆయనే.

"నువ్వున్నావు తల్లీ, తెలుసు. నీకు లైటెందుకని..."

"రోజూ ఆర్పుతున్నారా?"

"మన సారు పెట్టిన రూలే కదమ్మా. మనుషులు లేని గదిలో లైటు ఆర్పాలి, రిజిస్టర్లో రాయాలి. ఒంటిగంటకి ఒకసారి, అయిదింటికి ఒకసారి."

"రిజిస్టర్లో ఏమని రాస్తారు?"

"గది ఖాళీ, లైటు ఆర్పడమైనది," అన్నాడు నెమ్మదిగా.

వైరింగు చేసినవాడెవడో బద్ధకస్తుడు రౌటరు సాకెట్టుని లైటు స్విచ్చికే కలిపేశాడు. భోజనం చేసి వచ్చే టైపిస్టులూ, ఫిర్యాదుకి వచ్చే మెకానికూ బయటే లైటేసుకుని లోపలికి వచ్చేవాళ్లు. నేను ప్రపంచంలో ఉన్న కారణాలన్నీ వెతికాను, లైటు తప్ప. మా ఇంట్లో బల్బు ఎప్పుడో పోయిందని మొన్న చుట్టమొకావిడ చెబితే గానీ మాకు తెలియదు. లైటు ఒకటుంటుందనీ, దాన్ని ఎవరో వేస్తారనీ ఆర్పుతారనీ నాకెలా తడుతుంది?

ఇదంతా ఒక్కొక్కటే జోడించుకుంటూ చెప్పాను. "నీ ఉద్యోగానికి ఎసరు పెట్టింది నేనా తల్లీ?" అన్నాడు బాబాయ్. ఆయన్ని తిట్టాలనిపించింది, ఏడవాలనీ అనిపించింది. రెండిటికీ టైము లేదు.

"స్విచ్చి దగ్గరే నిలబడండి బాబాయ్. రెండయ్యేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకండి."

ఆయన నిలబడ్డాడు. అయిదు రికార్డింగులూ రాశాను. ఆఖరిది ఒకటీ యాభై ఏడుకి పంపాను.

మూడింటికి రూళ్లకర్ర నెట్ మెకానిక్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. టైపిస్టుల్ని కాసేపు బయట ఉండమన్నాడు. "చూశావా, శ్రద్ధ పెడితే అన్నీ పనిచేస్తాయి!" అన్నాడు. మెచ్చుకోలు లాంటి ఆ మాటకి నాకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది. జరిగిందంతా చెప్పాను.

"సరేలేమ్మా," అన్నాడు రూళ్లకర్ర. "ఇప్పుడు తెలిసిపోయింది కదా, వదిలెయ్. ఇరవై మూడు ఫిర్యాదులు నీ పేరు మీదున్నాయి, వాటిని నేనేం చెయ్యలేను. ట్రయల్ ఇంకో మూడు నెలలు పొడిగిద్దాం."

"అవి నా పొరపాట్లు కావు సార్. దిద్దండి."

"రాసేసిన పుస్తకం దిద్దే రూల్ లేదు. అయినా లైటుకీ నెట్‌కీ సంబంధమేంటి? ఏదో ఒకసారి అలా జరిగుంటుంది."

ఇక చాలనిపించింది. పెట్టె ఒళ్లోకి తీసుకున్నాను.

"బాబాయ్," అని వరండాలో ఉన్న ఆయన్ని పిలిచాను. "రోజూ చేసే పని చెయ్యండి."

వరండాలో బాబాయ్ కదిలిన చప్పుడు లేదు. ఇరవై ఏళ్లుగా రూళ్లకర్ర ముందు చేతులు కట్టుకుని నిలబడిన మనిషి. తలుపు మెల్లగా మూసుకుంది. తర్వాత వినిపించింది, టక్.

ఆ గదికి కిటికీ లేదు. రూళ్లకర్ర కుర్చీ కిర్రుమంది. "ఏయ్! ఎవడ్రా అది? లైటెయ్! లోపల మనుషులున్నారు, కనపడట్లేదా?"

"అదే సార్ మూడు నెలలుగా నేనంటున్నది," అన్నాను.

ఆయన లేచాడు. ఫైళ్ల ర్యాకుకి మోకాలు కొట్టుకుంది. "అబ్బా! తలుపెక్కడ?"

"కూర్చోండి సార్, ఎడమపక్క ఇంకో ర్యాకుంది, దాని అంచు పదును. మెకానిక్ గారూ, రౌటరు సంగతేంటి?"

"రౌటరు మీద లైట్లు కూడా ఆరిపోయాయి మేడమ్." గొంతు సవరించుకున్నాడు. "సార్, ఇరవై మూడు సార్లూ వచ్చింది నేనే. ఇరవై మూడు సార్లూ బయట లైటేసుకునే లోపలికొచ్చాను. నా బుర్రకి తట్టలేదు. ఈవిడ తప్పేం లేదు."

నా పెట్టె కూడా అదే మాట వేలికి చెప్పింది: నెట్‌వర్క్ దొరకలేదు. మొదటిసారి ఆ మాట చదివి నాకు సంతోషమేసింది.

"సరే, సరే, దిద్దుతా. ముందు లైటెయ్యమను," అన్నాడు రూళ్లకర్ర.

"ముందు దిద్దండి."

"చీకట్లో ఎలా రాయనమ్మా?"

"మీరు రాయక్కర్లేదు. చెప్పండి, నేను రాస్తాను. నా పని అదే కదా."

చీకట్లో కూర్చోవడం అలవాటు లేని మనుషులు గట్టిగా ఊపిరి పీలుస్తారు. రూళ్లకర్ర అలాగే పీలుస్తున్నాడు. జాలి పడదామని చూశాను, రాలేదు. చివరికి గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టాడు. నా వేళ్లు ఆయన మాట వెంటే నడిచాయి.

"ఈ గదిలో నెట్ ఇరవై మూడు సార్లు ఆగిపోవడానికి కారణం, లైటు ఆర్పడం వల్ల రౌటరుకి కరెంటు అందకపోవడం. వాడేవారి పొరపాటు కాదు. ట్రయల్ పూర్తయింది, పనికి తీసుకోవడమైనది." ఆగాడు. "చాలా?"

"ఇంకొక్క వాక్యం సార్. ఆ సమయాల్లో గది ఖాళీగా లేదు."

ఆయన ఆ వాక్యం కూడా చెప్పాడు. అక్షరం పొల్లుపోకుండా రాసి, మొత్తం ఒకసారి పైకి చదివి వినిపించాను. ప్రింటు తీసిస్తాను, సంతకం పెట్టండి అన్నాను. పెడతానన్నాడు.

అప్పుడు తలుపు వైపు తిరిగి పిలిచాను.

"బాబాయ్, లైటెయ్యండి. గదిలో మనుషులున్నారు."