ఎర్ర అద్దాల గురువారం

గురువారం వచ్చిందంటే నర్సు బోర్గిల్డ్‌కి మంచం దిగకముందే కాళ్ళు పీకడం మొదలయ్యేది. ఆ శానిటోరియంలో గురువారం అంటే తెర రోజు. పై వార్డుల్లోంచి క్షయ రోగులు ఒకరి వెనక ఒకరు దిగివస్తారు. డాక్టర్ ఐకెలాండ్ చీకటిగదిలో వాళ్ళని ఎక్స్‌రే తెర వెనక నిలబెట్టి, ఊపిరితిత్తి ఎంత ముడుచుకుందో చూసి, పక్కటెముకల మధ్య సూది గుచ్చి గాలి ఎక్కిస్తాడు. చెడిన ఊపిరితిత్తిని గాలితో నొక్కి ఉంచితే దానికి విశ్రాంతి దొరికి మానుతుందని ఆ రోజుల వైద్యం. ఊపిరితిత్తికైనా విశ్రాంతి ఉంది, పంతొమ్మిదేళ్ళుగా నాకే లేదు అనుకునేది బోర్గిల్డ్.

ఆ తెర మీద బొమ్మ మహా మసక. వెలుతుర్లోంచి వచ్చిన కంటికి అక్కడ ఏమీ ఆనదు. అందుకని కళ్ళు చీకటికి అలవాటు పడేలా పనికి ఇరవై నిమిషాల ముందే ఇద్దరూ ఎర్ర కళ్ళద్దాలు తగిలించుకునేవాళ్ళు. డాక్టరు చీకట్లో వాటిని తీసి కూర్చుంటే మళ్ళీ కదిలేవాడు కాదు. బయటి వరండాకీ చీకటిగదికీ మధ్య రోజంతా తిరిగేది బోర్గిల్డే. వరండాలో అద్దాలు తీసిందా, ఇరవై నిమిషాలు గంగలో కలిసినట్టే. అద్దాలతోనే రోగి కార్డు చదువుకుని, నల్ల తెరలు దాటి లోపలికెళ్ళి, ఆ చీకట్లో డాక్టరుకి అప్పజెప్పాలి. కార్డులో ఏముందో ఆయనకి తెలిసేది ఆమె నోటి ద్వారానే. అందులో ఒక్క ముక్క పోతే ప్రాణమే పోతుందని ఆమెకి తెలుసు. అందుకే ప్రతి కార్డూ రెండుసార్లు చదివేది.

ఆ మార్చి గురువారం ఆమెకి మరీ విసుగ్గా ఉంది. వరసలో సీవర్ట్ లేడు. పడవలకి రంగులు వేసుకునే మనిషి, రెండేళ్ళుగా ప్రతి వారం వచ్చేవాడు. "ఏమమ్మా ఎర్రకళ్ళ రాణీ, నా లోపల ఇవాళైనా ఏమన్నా బంగారం కనబడిందా?" అని అడగందే తెర వెనక్కి వెళ్ళేవాడు కాదు. పోయిన గురువారం గాలి పెట్టించుకుని వెళ్ళాడు, సాయంత్రానికి పోయాడు. రోగం ముదిరిందన్నారు. అతని భార్య పడవలో వచ్చి, బోర్గిల్డ్ చేతులు పట్టుకుని, "చివరిదాకా మీరే చూసుకున్నారమ్మా" అని, భర్త కోసం అల్లిన బూడిదరంగు చేతి తొడుగులు ఆమెకిచ్చి వెళ్ళింది. పొద్దున కొండెక్కుతూ అవే వేసుకుంది బోర్గిల్డ్.

"ఇంకా ఎంతమంది?" చీకట్లోంచి అడిగాడు డాక్టరు.

"పదిహేడుమంది."

"చంపేశారు పో!"

"హాలెండ్ నుంచి ఏదో గొట్టం వస్తుందన్నారుగా, బొమ్మని వెయ్యింతలు వెలిగిస్తుందని? ఈ చీకటీ ఈ అద్దాలూ అక్కర్లేదన్నారు."

"వస్తుంది, వస్తుంది. నన్ను పాతిపెట్టాక వస్తుంది. జిల్లావాళ్ళు డబ్బివ్వడానికి ఇంకా ఆలోచిస్తున్నారట."

"వాళ్ళ ఆలోచన పాడుగాను!"

ఆయన నవ్వాడు, అదీ సగమే. వయసులో ఉండగా సీసం తొడుగులు లేకుండా ఎక్స్‌రే కిరణాల్లో చేతులాడించినందుకు ఆయన వేళ్ళు ఎండి పగుళ్ళిచ్చాయి, గోళ్ళు నల్లబడ్డాయి.

తర్వాత వచ్చింది ఆస్లౌగ్, చేపల డబ్బాల ఫ్యాక్టరీ మనిషి. చొక్కా గుండీలు విప్పుకుంటూ, "సిస్టరమ్మా, ఇవాళ గాలి వద్దనవే. పోయినసారి మంచమెక్కగానే లోకం తెలీలేదు నాకు" అంది.

బోర్గిల్డ్ కార్డు కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. బరువు, జ్వరం, పోయినసారి ఎక్కించిన గాలి, అంతే. కింద అంతా ఖాళీ.

"కార్డులో ఏం లేదే! నీకు వారం వారం ఏదో ఒకటి తిరుగుతూనే ఉంటుంది. పద, పద."

"నిజమేనే తల్లీ..."

"నీ వెనక పదహారుమంది ఉన్నారు. నడువు!"

ఆమెని లోపల వదిలి, కార్డులో ఉన్నది నోటితో అప్పజెప్పి, మళ్ళీ వరండాలోకి వచ్చింది. అద్దాల అంచు తోలు పొద్దుట్నుంచీ ముక్కు మీద ఒరుసుకుపోయి మంటెత్తుతోంది, కళ్ళు ధారలు కడుతున్నాయి. ఒక్క క్షణం, కళ్ళు మూసుకునే తుడుచుకుందామని అద్దాలు తీసింది. మూసుకుంటే తడి పోలేదు. కర్మకాలి కళ్ళు తెరిచింది.

చేతిలో ఆస్లౌగ్ కార్డు ఉంది. కింద, ఖాళీ అనుకున్న చోట, లావుపాటి ఎర్ర పెన్సిల్ రాత. "గాలి వద్దు. పోయినసారి తర్వాత స్పృహ తప్పింది."

ఆమె అద్దాలు కళ్ళకి అడ్డం పెట్టింది. రాత లేదు. తీసింది. ఉంది.

పంతొమ్మిదేళ్ళలో ఎన్నడూ చెయ్యని పని చేసింది. నల్ల తెరలు రెండూ లాగి, తలుపు బార్లా తెరిచి, వరండా వెలుతురంతా చీకటిగదిలోకి వదిలింది.

"తలుపు! నా కళ్ళు! నీకేమైనా పిచ్చెక్కిందా?" అరిచాడు డాక్టరు.

"సూది ఆపండి! గుచ్చారా?"

"ఇంకా లేదు, ఇప్పుడే చర్మం తుడిచాను. ఏమైందే?"

ఆమె కార్డు ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళు చికిలించి చదివి, సూది పళ్ళెంలో పెట్టేశాడు. సీసం ఏప్రన్‌తోనే స్టూలు మీద కూలబడ్డాడు.

"నేను మొత్తుకుంటూనే ఉన్నా కదమ్మా" అంది ఆస్లౌగ్, చొక్కా కప్పుకుంటూ. కోపంగా కాదు, నీరసంగా అంది.

పై వార్డుకి కొత్తగా వచ్చిన సిస్టర్ గున్వోర్‌ని పిలిపించారు. ఆ పిల్ల పరిగెత్తుకొచ్చింది.

"ఈ ఎర్ర పెన్సిల్ ఎవరిదమ్మాయ్?" అడిగింది బోర్గిల్డ్.

"నాదే అక్కా. నేను ఇదివరకు పనిచేసిన ఆపరేషన్ వార్డులో ముఖ్యమైనదేదన్నా ఎర్రగానే రాసేవాళ్ళం, ఎవరి కంటైనా పడాలని." గున్వోర్ వాళ్ళ మెడల్లో వేలాడుతున్న అద్దాల వంక చూసింది. మొహం పాలిపోయింది. "నాకెవరూ చెప్పలేదక్కా!"

నిజమే, ఎవరూ చెప్పలేదు. ఎర్ర అద్దాల్లో ఎర్ర రాత కనబడదని ఈ గదిలో అందరికీ తెలుసు. అందరికీ తెలిసిన దాన్ని ఎవరు చెప్తారు?

"ఎన్నాళ్ళుగా రాస్తున్నావ్?"

"వచ్చిన దగ్గర్నుంచీ. మూడు వారాలు."

మూడు వారాలు అనగానే బోర్గిల్డ్ వరండా చివర బీరువా దగ్గరికి నడిచింది. పోయినవాళ్ళ కార్డులు అడుగు అరలో ఉంటాయి. సీవర్ట్ కార్డు అన్నిటికన్నా పైనే ఉంది. తియ్యకుండా ఉంటే బాగుండునని ఒక్కసారి అనిపించింది. తీసింది. చదివింది. అక్కడే నిలబడి మళ్ళీ చదివింది.

ఆమె తిరిగి వచ్చేసరికి డాక్టరు అద్దాలు పెట్టుకుని వరండా బల్ల మీద కూర్చునివున్నాడు.

"కూర్చో. పెట్టుకో. ఇంకా పదహారుమంది ఉన్నారు. ఇరవై నిమిషాలు కదిలేది లేదు" అన్నాడు.

ఆమె అద్దాలు పెట్టుకుని పక్కన కూర్చుంది. గోడలూ, రోగులూ, కిటికీ అవతల మంచూ అన్నీ ఎర్రబడ్డాయి.

"చేతిలో ఏమిటది?"

"సీవర్ట్ కార్డు."

ఆయన తల తిప్పలేదు. "ఏముంది?" అన్నాడు.

బోర్గిల్డ్ కార్డు కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. బరువు, జ్వరం, ఎక్కించిన గాలి. కింద ఏమీ లేదు, పోయిన గురువారం లేనట్టే. ఆ ఖాళీ వంక చూస్తూ అప్పజెప్పింది.

"పోయినసారి సూది తర్వాత ఛాతీలో నొప్పి, స్పృహ తప్పాడు. గాలి వద్దు."

వరసలో ఎవరో దగ్గారు. డాక్టరు తన నల్ల గోళ్ళ వంక చూసుకున్నాడు.

"ఎక్కించింది నేను" అన్నాడు.

"చదివింది నేను. అతనూ ఏదో చెప్పబోయాడు డాక్టరుగారూ. బంగారం సంగతి అడగలేదు ఆ రోజు, ఇంకేదో చెప్పబోయాడు. కార్డులో లేదు, నడువు అన్నాను."

ఆమె అద్దాల కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఈసారి తుడుచుకోవడానికి అద్దాలు తియ్యలేదు.

"శనివారం పడవకి వాళ్ళ ఊరు వెళ్తాను. ఆవిడకి చెప్పాలి. ఆ తొడుగులు తిరిగి ఇచ్చెయ్యాలి."

"ఇంకా పది నిమిషాలుంది" అన్నాడు డాక్టరు, గడియారం చూసి. అద్దాలు సర్దుకుని, "నా టికెట్టు కూడా తీసుకో" అన్నాడు.