నోట్లో నీళ్లు, అచ్చులో ఓడ

పొద్దున్నే షట్టర్ ఎత్తగానే అక్క చేసే మొదటి పని కూజా నింపడం. తాగడానికి కాదు. గట్టిపడితే ప్లాస్టిక్‌లా అయ్యే రెజిన్ ద్రవాన్ని అచ్చులో పోసేటప్పుడు కొట్లో ఉన్నవాళ్లంతా నోట్లో నీళ్లు పట్టుకుని నిలబడాలి. లేకపోతే ఎవరో ఒకరు మాట్లాడతారు. మాట్లాడితే ఆ మాట వెళ్లి రెజిన్‌లో బుడగై కూర్చుంటుంది. అలా పోసిన అంతరిక్ష ఓడ బొమ్మను కొన్న మనిషి ఇంటికెళ్లి, రంగు వేసే ముందు ఉప్పుకాగితంతో రుద్దుతాడు. బుడగ చిట్లుతుంది. లోపలి మాట, అన్నవాళ్ల గొంతుతోనే, బయటికి వస్తుంది.

ఒకసారి ఒక పళ్ల డాక్టరు ఫోన్ చేశాడు. "ఓడ బాగుందండీ. రెక్క దగ్గర రుద్దుతుంటే ఎవరో 'గీజరు కట్టేశావా లేదా' అన్నారు. ఆ రెక్క ఒక్కటీ మార్చి ఇస్తారా?" అన్నాడు. అక్క మార్చి ఇచ్చింది. అచ్చుపని అన్నాక ఇలాంటివి తప్పవు.

బల్ల మీద అంతరిక్ష యుద్ధాలు ఆడుకునేవాళ్ల కోసం ఓడలు పోసే కొట్టు అది. ఉన్నది ముగ్గురు. అక్క నమూనా చెక్కుతుంది. ఆమె భర్త, అంటే బావ, మెటల్ పోస్తాడు. ఆమె తమ్ముడు రెజిన్ పోస్తాడు. మెటల్‌కి ఈ నీళ్ల బాధ లేదు. ఆ వేడికి మాటలు కాలిపోతాయి. అందుకే బావకు మెటల్ అంటే ప్రాణం. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు సాయంత్రం దించేదాకా ఆయన నోటికి ఆదివారం లేదు. ఫ్యాను ఎవరు కట్టేశారు, ఆకురాయి ఎక్కడ పెట్టారు, ఈ కుర్చీ ఇక్కడెందుకుంది, ఇదే వరస.

ఇంతకాలం ఓడలన్నీ అరచేతిలో ఇమిడేవి కాబట్టి మెటల్లో కొన్ని, రెజిన్‌లో కొన్ని పోసుకుంటూ ఎవరి మానాన వాళ్లు బతికారు. ఇప్పుడు ఆటగాళ్లు పెద్ద ఓడ కావాలన్నారు, మోచెయ్యంత పొడుగున్న తల్లి ఓడ. ఇకనుంచి అన్నీ అలాంటివేనట. అక్క నమూనా చెక్కి బల్ల మీద పెట్టింది. అంతే, కొట్లో అగ్గి రాజుకుంది.

"మెటల్," అన్నాడు బావ. "పట్టుకుంటే బరువుండాలి. తప్పు పోస్తే కరిగించి మళ్లీ పోసుకుంటాం. నీ రెజిన్ ఒకసారి గట్టిపడితే ఇక దాని ఖర్మ."

"అంత మెటల్ ఓడని ఏ స్టాండు మోస్తుంది బావా? అతుకులు ఊడిపోవూ?"

"పిన్నులు కొడతాం."

"పిన్నులు కొట్టి కొట్టి అది ఓడలా ఉండదు, దువ్వెనలా ఉంటుంది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఒకడంటే, ఆ మూడు కాళ్లూ రెజిన్‌వేనని రెండోవాడు. మధ్యలో అక్క పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. అన్నం దగ్గర అదే గొడవ, బట్టలు ఆరేసే దగ్గర అదే గొడవ. విని విని ఆమెకు ఓడ అనే మాట మీదే అసహ్యం పుట్టింది.

అసలు చిక్కు వేరే ఉంది. దూరపు ఊళ్లో పెద్ద కార్ఖానా వాళ్లు తమ్ముణ్ణి రమ్మంటున్నారు. పెద్ద ఓడలు మెటల్లో పోస్తే ఇక్కడ రెజిన్ మనిషికి పనుండదు. "ఓడ సంగతి తేలాక చెప్తాను," అని వాళ్లను ఆపుతున్నాడు. ఈ సంగతి బావకు తెలుసు. తెలిసి కూడా మెటల్ మెటల్ అని కూర్చున్నాడు. అక్క రెండుసార్లు నెమ్మదిగా, ఒకసారి గట్టిగా అడిగింది, వాడు వెళ్లిపోతే నీకు పర్లేదా అని. "వెళ్తే వెళ్తాడు, పిల్లాడా ఏమన్నా," అన్నాడు. గోడకు చెప్పినా కాస్త సున్నం రాలేది.

చివరికి రెండూ పోసి చూద్దామనుకున్నారు.

ముందు మెటల్. ఓడ దర్జాగా వచ్చింది. స్టాండు మీద పెట్టారు. ముగ్గురూ టీ తాగుతుండగా స్టాండు మెల్లగా వంగి, ఓడ ముక్కు కిందికి పెట్టి, సరిగ్గా బావ పాదం మీద దిగింది. ముక్కు విరిగింది. పాదం వాచింది. "నేల వాలుగా ఉంది," అన్నాడు బావ, కుంటుతూ.

తర్వాత రెజిన్. తమ్ముడు రెండు డబ్బాల్లోంచి కొలిచి, కలిపి, అచ్చులో సన్నటి ధారగా పోశాడు. ముగ్గురి బుగ్గలూ నీళ్లతో ఉబ్బి ఉన్నాయి. గట్టిపడేదాకా అలాగే ఉండాలి. అంతలో తమ్ముడి ఫోన్ మోగింది, కార్ఖానా వాళ్లది. వాడు వీధిలోకి పరుగెత్తి నీళ్లు ఉమ్మి మాట్లాడాడు. పార్సిలు మనిషి వచ్చి పక్క తలుపు కొడితే అక్క అటు వెళ్లింది. అచ్చు దగ్గర బావ ఒక్కడే మిగిలాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, నీళ్లు ఎంతసేపని పట్టుకుంటాడు? గుటుక్కున మింగేశాడు.

అచ్చు విప్పితే ఓడ నిండా బుడగలే.

"బావా, నీళ్లు మింగావు కదూ?"

"దగ్గొచ్చింది."

"దగ్గుకి ఇన్ని బుడగలొస్తాయా? నా పని చెడగొట్టడానికే మింగావు!" తమ్ముడు అచ్చు పక్కకు నెట్టాడు. "మెటల్లోనే పోసుకోండి. నేను వెళ్తున్నా. సాయంత్రం వాళ్లకి చెప్పేస్తా."

బావ ఏదో అనబోయి ఆగిపోయాడు. నోరు అవసరమైన ఆ ఒక్క క్షణమే అది పనిచెయ్యలేదు. కుంటుకుంటూ వెనక గదిలోకి పోయాడు. అక్కకు ఇద్దర్నీ ఒకే అచ్చులో వేసి మూత పెట్టాలనిపించింది.

"వెళ్లే ముందు ఆ ఓడ బాగుచేసి వెళ్లు," అంది తమ్ముడితో. "సగం పని వదిలి పోయే అలవాటు మనింట్లో లేదు."

తమ్ముడు విసురుగా ఓడ తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. డ్రిల్లుతో బుడగలు ఒక్కోటీ తెరవడం, లప్పం పెట్టడం. మొదటి బుడగలోంచి బావ గొంతు వచ్చింది. "ఆ ఫ్యాను ఎవరు కట్టేశారు?"

ఇంకోటి. "రెజినట, రెజిను."

రెక్క కింద ఇంకోటి. "ఎవరు నేర్పారో గానీ, చెయ్యి వణక్కుండా పోస్తాడు వెధవ."

తమ్ముడు ఓడను తిరగేశాడు. ఓడ పొట్టలో పెద్ద బుడగ ఉంది. దాన్ని జాగ్రత్తగా తెరిచాడు.

"వీడు పోతే నేను పొద్దున్నే లేచి ఎవరి మీద అరవాలి? వాళ్లక్క మీద అరిచే ధైర్యం నాకుందా? ఉండరా అంటే అరిగిపోతానా? ఆ ఒక్క మాటకే నోరు రాదు, నా బతుక్కి."

తమ్ముడు ఆ గుంటలోని పొడి ఊదాడు. వాడికి ఏడుపొచ్చింది, దానితో పాటు ఒళ్లు మండింది కూడా. ఇన్నాళ్లూ నోరంతా ఫ్యాను మీద ఖర్చుపెట్టి, ఈ మాట రెజిన్‌తో చెప్తాడా మనిషి! లప్పం పెట్టి, ఫోన్ తీసి కార్ఖానాకు చేశాడు. "రావడం కుదరదండీ. ఇక్కడ పనుంది," అన్నాడు.

లోపలికి వెళ్లి, "బావా, అడుగున ఇంజన్లు నువ్వు మెటల్లో పొయ్యి. పైదంతా రెజిన్. బరువు కిందుంటే బోర్లాపడదు," అన్నాడు.

"నేను మొదట్నుంచీ చెప్తున్నది అదేగా!" అన్నాడు బావ.

అక్క నుదురు కొట్టుకుంది.

ఈసారి పోసేటప్పుడు అక్కా బావా ముందే నీళ్లు పట్టారు. తమ్ముడు పోయడం ముగించి, నీళ్లు పట్టకుండా, అచ్చు మీదికి వంగి ఏదో గొణిగాడు. బావ కళ్లు పెద్దవి చేసి "ఊఁ! ఊఁ!" అని చేతులూపాడు. నోట్లో నీళ్లుంటే అంతకంటే ఏమనగలడు?

మర్నాడు రుద్దే పని బావది. ఓడ నున్నగా, తప్పు లేకుండా వచ్చింది, పొట్ట దగ్గర ఒకే ఒక్క బుడగ తప్ప. విసుక్కుంటూ డ్రిల్లు ఆనించాడు.

"ఉంటాలే బావా. ఇక నస ఆపు."

బావ చుట్టూ చూశాడు. తమ్ముడు అవతల డబ్బాలు కడుగుతున్నాడు. అక్క ఏమీ విననట్టు కూజా నింపుతోంది. ఆయన కళ్లు తుడుచుకుని, గుంటలో లప్పం పెట్టి, ఆనవాలు లేకుండా రుద్దాడు. ఆ రోజంతా ఎవరినీ ఏమీ అనలేదు.

తెల్లారి షట్టర్ ఎత్తగానే, "ఆ ఫ్యాను ఎవరు కట్టేశారు?" అన్నాడు.

"నేనే బావా," అన్నాడు తమ్ముడు.