కచ్చా కుట్ల గౌను

మా చెల్లికి ఎవరైనా నచ్చారంటే ఇంట్లో అందరికంటే ముందు నాకే తెలుస్తుంది. ఆ వారం నా కుట్టుమిషన్‌కి ఊపిరాడదు మరి. నడుం పట్టమంటుంది, మెడ దింపమంటుంది, అంతా అయ్యాక మళ్ళీ మొదటిలాగే చెయ్యమంటుంది. తీరా అతని ఎదురుగా కూర్చున్నాక, ఎక్కడ మడత నలుగుతుందోనని షోకేసు బొమ్మలా బిగుసుకుపోతుంది. ఇప్పటికి ముగ్గురు అలాగే విసుగెత్తి లేచి వెళ్ళిపోయారు. ఆ ముగ్గురి గురించీ నాకేం దిగుల్లేదు.

ఈ నాలుగో అతను వేరు. చెల్లి రిసెప్షన్‌లో కూర్చునే ఆసుపత్రిలోనే ఎక్స్‌రేలు తీస్తాడు. ఎనిమిది నెలలుగా దాని నోట అతని మాటే. మొన్న అతనే ధైర్యం చేసి కాఫీకి రమ్మన్నాడట.

"ఎముకలు చూసేవాడికి నీ గౌను అంచులు కనిపిస్తాయటే?" అంది అమ్మ.

"కనిపించేలా అక్క కుడుతుందిలే," అంది చెల్లి. ఆ ఒక్క మాటకి నేను పడిపోయాను.

నెమలికంఠం రంగు గుడ్డ తెచ్చింది. కాఫీకి వెళ్ళే రోజు పొద్దున్నే పైపైన కచ్చా కుట్లు వేసి దానికి తొడిగి చూస్తే, అబ్బ, నా చేతులకి నేనే దండం పెట్టుకోవాలనిపించింది. కచ్చా కుట్లు తెల్లదారంతో వెయ్యాలి, ఇంకా పని మిగిలుందని కనిపించడానికి. తెల్లది అయిపోయిందని బద్ధకించి అదే రంగు దారంతో వేసేశాను. సాయంత్రం గట్టి కుట్టు వేద్దామని కూర్చుంటే మిషన్ సూది విరిగింది. కొత్తది కొనడానికి పక్కవీధికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి హ్యాంగరు ఖాళీ.

"ఇప్పుడే వేసుకుని వెళ్ళింది. ఎంత బావుందో!" అంది అమ్మ మురిసిపోతూ.

"కొంప మునిగింది! అవి కచ్చా కుట్లమ్మా, గట్టిగా దగ్గినా ఊడిపోతుంది!"

సూదీ దారం పిడికిట్లో పట్టుకుని పరుగు లంకించుకున్నాను. కాళ్ళకి ఒక చెప్పు నాది, ఒకటి అమ్మది. ఫోన్ చేస్తే ఎత్తదు. దారంతా ఒకటే గొణుగుడు: నవ్వకే తల్లీ, చెయ్యెత్తకే, నీకు పుణ్యముంటుంది, ఈ ఒక్కరోజూ బొమ్మలా కూర్చోవే. దాని ఎనిమిది నెలల ఆశ నా బద్ధకం వల్ల పదిమందిలో నవ్వులపాలైతే నా మొహం ఎక్కడ పెట్టుకోను?

చెల్లి చెప్పిన కాఫీ హోటల్ అద్దాల తలుపు తోసుకుని వెళ్ళాను. కిటికీ పక్క బల్ల దగ్గరున్నారు. గౌను కుడిచెయ్యి అప్పటికే భుజం దగ్గర ఊడి మోచేతి దాకా జారింది. చెల్లి ఆ చేతినే గాల్లో ఊపుతూ, ఆసుపత్రి పెద్ద డాక్టరు నడిచే తీరు నటించి చూపిస్తోంది. అతను కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. అది ఇంట్లో తప్ప ఇంకెక్కడా అలా వాగడం నేను చూడలేదు.

వంగి దాని చెవిలో, "చెయ్యి ఊడిందే. లే, రెండు నిమిషాల్లో కుట్టేస్తా," అన్నాను.

"తెలుసక్కా. వచ్చి కూర్చోగానే ఊడింది. ఇక దాచుకునేదేముంది? కాసేపాగు, అసలు సంగతి ఇప్పుడే వస్తోంది!"

సూదితో వెర్రిదానిలా నిలబడిపోయాను. అతను చప్పున లేచి పక్క బల్ల దగ్గర్నుంచి కుర్చీ లాగాడు.

"నిలబడ్డారేం, కూర్చోండి వదినగారూ."

అనేసి నాలిక కరుచుకున్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

ఆపమన్నా ఆపని మా చెల్లి పెద్ద డాక్టరు నడకని మధ్యలోనే వదిలేసింది. నన్ను చూసింది, అతన్ని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. నాకైతే బల్లెక్కి కేకలు పెట్టాలన్నంత సంతోషం. అతను మాట మార్చేలోపే కుర్చీలో కూలబడ్డాను.

"నాకూ ఒక కాఫీ చెప్పండి, మరిదిగారూ," అన్నాను.