ఊపిరి బిగబట్టి ఊఁ

యోసేపు గుండె సగం చచ్చిపోయిందట, మిగతా సగం ఎన్నాళ్లుంటుందో వరంగల్ దవాఖానలో కంప్యూటర్ చెబుతుందట. పక్కింటి హసన్ బీ నల్లా దగ్గర అన్న ఈ ముక్క బిందె నిండకముందే వీరమ్మ చెవిన పడింది. వీరమ్మ నవ్వుకుంటూ వచ్చి మొగుడికి చెప్పింది. యోసేపు నవ్వలేదు.

డోర్నకల్ రైల్వేలో అతను కీమ్యాన్. పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడుస్తూ, వదులైన బిగింపులను కొట్టి సరిచేయడం పని. మూడు నెలల కింద గుండెపోటు వచ్చినప్పటి నుంచీ ఆ సుత్తి తలుపు వెనకే ఉంది. గుండె ఎంత మేర చెడిందో తేలితే గానీ లైన్ మీదికి పంపరు. ఎక్కువ చెడితే ఇక ఆఫీసులో ఫైళ్లు అందించడమే. ఆ మాట తలచుకుంటేనే అతనికి అన్నం సహించడం లేదు.

"ఇగో, ఆ గొట్టంల పండవెట్టినంక నోరు మెదపకు," అని రైల్లో చెప్పింది వీరమ్మ.

"ఊఁ," అన్నాడు యోసేపు, కిటికీలోంచి పక్క పట్టాల బిగింపులు చూస్తూ.

దవాఖానలో చెడిన చోటు తెల్లగా కనబడేందుకు చేతి నరంలోకి రంగుమందు ఎక్కించి, ఎమ్మారై గొట్టంలోకి తోశారు. లోపల ఒకటే దడదడ. చెవుల్లో ఎవరిదో గొంతు: "ఊపిరి తీసుకోండి... వదలండి... బిగబట్టండి."

బయటికి లాగాక, ఓరగా తెరిచిన తలుపులోంచి టెక్నీషియన్ మాట వినబడింది. "గుండె ముప్పై ఎనిమిది శాతం చెడ్డదని కంప్యూటర్ చూపెడుతున్నది మేడం."

యోసేపు కళ్లు మూసుకున్నాడు. తలుపు వెనక సుత్తి తుప్పు పడుతున్నట్టే అనిపించింది.

"ఆగు సంతోష్. మచ్చ చుట్టు అది గీసిన గీత సూడు, ఎట్ల వంకరలు పోతున్నదో." డాక్టర్ అల్ఫియా బయటికి వచ్చింది. "బాపూ, వేల గుండెల బొమ్మలు సూసి నేర్చుకున్నది మా కంప్యూటర్. నేను అరగంట గీసే గీత నిమిషంల గీస్తది. కాని బొమ్మ కదిలితే దాన్ని గూడ మచ్చే అనుకుంటది. ఊపిరి బిగబట్టలేదా?"

"బిగబట్టిన మేడం. బిగబట్టి, ఊఁ అన్న."

"ఏందీ?"

"ఆయనెవలో మర్యాదగ చెప్తుండె. ఇన్నట్టు తెల్వాలె గద. మా లైన్ల ఫోన్ల గట్లనే. ఊఁ అనకుంటే మల్ల మొదటికెల్లి చెప్తరు."

"ఎన్నిసార్లు అన్నరు?"

"ఆయన ఎన్నిసార్లు చెప్తే అన్నిసార్లు."

అల్ఫియా మంచం పట్టుకుని నవ్వింది. "ఆయన మనిషి గాదు బాపూ, రికార్డు. మందు ఒంట్ల ఉండంగనే మల్ల తీస్తం. మర్యాద జర బయటనే పెట్టి పోండ్రి."

ఈసారి నాలుకను పళ్ల మధ్య నొక్కి పట్టాడు. ఆ గొంతు చెప్పినప్పుడల్లా ఊఁ గొంతు దాకా వచ్చింది, మింగేశాడు.

"పదకొండు శాతమే," అంది అల్ఫియా. "ఒక్కొక్క బొమ్మ నేను గూడ సూసిన. చిన్న మచ్చనే. నెలాగి నడక పరీక్ష పాసయితే లైన్ మీదికి పోవచ్చని రాస్త."

"ఊఁ!" అన్నాడు యోసేపు, దవాఖానంతా వినబడేలా.

సాయంత్రం గడపలో కూర్చుని సుత్తి తుడుస్తూ ఇదంతా హసన్ బీకి వర్ణించి వర్ణించి చెప్పాడు. వీరమ్మ పొయ్యి దగ్గర ఉల్లిగడ్డలు కోస్తోంది.

"చెప్పేది బుర్రకెక్కకున్నా ఊఁ అంటవా యోసేపన్నా?" హసన్ బీ కడుపు పట్టుకుని నవ్వింది.

"అలవాటైపాయె చెల్లే. నా నోరు దానంతటదే అంటది. ఇంట్ల గూడ గట్లనే గద."

ఉల్లిగడ్డలు కోసే చప్పుడు ఆగింది.

"అయితే గీ ఇరవై ఎనిమిదేండ్ల సంది నేను ఎవలతోని మాట్లాడుతున్న?"