చిగురించిన ఊతకర్రలు

మూతపడ్డ గని మిగిల్చిపోయిన మట్టిదిబ్బ మీద నిలబడి, పెద్దక్క తను పాతిన కర్రల వంక కళ్ళెర్రజేసి చూస్తోంది. పాతినప్పుడు అవి వట్టి కర్రలే. మొక్కలు గాలికి వాలిపోకుండా ఊతంగా పాతింది. ఇప్పుడు మొక్కలు మోకాలెత్తున ఈసురోమంటుంటే, కర్రలు మాత్రం నిలువెల్లా ఆకులు తొడుక్కుని, పెళ్ళికొడుకుల్లా ఆమె తలను దాటి పెరిగాయి.

తప్పెవరిదంటే, దిబ్బ మీద మొక్కలు నాటే కూలీల ముఠాలో ప్రతి ఒక్కరూ పక్కవాళ్ళనే చూపిస్తారు. నిరుడు దిబ్బంతా కమ్మేసిన మొండిపొదను కొట్టించి, ప్రతి కొమ్మా కాల్చేయమని మొక్కల పని చూసే ఆఫీసరు మరీమరీ చెప్పి వెళ్ళాడు. మంచి ఎండు కర్రలు కింద షెడ్డులో ఉన్నాయి. వాటిని మోసుకుంటూ నిట్టనిలువు వాలు ఎక్కాలి.

"కాళ్ళ దగ్గరే ఇన్ని పెట్టుకుని కిందికెందుకు వదినా?" అన్నాడు మరిది.

పెద్దక్కకు మోకాళ్ళ నొప్పి. సరేనంది. కొట్టేసిన కొమ్మల్నే చెక్కి పాతేశారు. ఆఖరి వానలు పడ్డాయి. ఇంకేముంది!

ఆ పొద సంగతి మరిది నోటనే వినాలి. దాని కొమ్మను గొడ్డలికి పిడిగా వేసి గోడకు ఆనిస్తే, తెల్లారేసరికి పిడి చిగుళ్ళేసిందట. ఇంకొన్నాళ్ళు ఊరుకునుంటే గొడ్డళ్ళే కాసేవట!

ముఠా అంతా పొట్ట పట్టుకుని నవ్వినా పెద్దక్కకు నవ్వు రాలేదు. ఆ పొద నీడన గడ్డి బతకదు. గడ్డి లేని మట్టిని వాన ఊడ్చుకుపోతుంది. దిబ్బ కింద ఉన్నది వాళ్ళ వీధే. వీధి చివర, దిబ్బకు వీపు ఆనించుకున్నట్టున్నది ఆమె ఇల్లే. నిరుటి వానకు వెనకగది తలుపు తోసుకుని బురద మంచం కోళ్ళదాకా వచ్చింది. ఆ మంచం మీద పడుకునే అత్తగారు ఇప్పటికీ మబ్బు కనిపిస్తే చాలు, కాళ్ళు పైకి ముడుచుకుంటుంది. మళ్ళీ మబ్బులు పట్టే రోజులొచ్చాయి.

ఆఫీసరు జీపు దిగగానే ఎదురెళ్ళింది.

"ఈ పొదంతా తీసేస్తాం సార్."

"ఇప్పుడా? కాల్చేయమని అప్పుడే చెప్పానా లేదా?"

"చెప్పారు సార్."

"మరి ఇప్పుడు నా ప్రాణం తీస్తావేం? ఆకాశంలోంచి ఫొటో తీశారమ్మా. ఈ దిబ్బ పచ్చగా పడింది. పైవాళ్ళు భేష్ అన్నారు. నువ్విప్పుడు బోడి చేస్తే, వచ్చే ఫొటోలో నేనేం చూపించను? నా గుండా?"

మరిది ఆయన తల వంక చూడబోయి, చటుక్కున మబ్బుల వంక చూశాడు.

"ఆ పచ్చన మొక్కలది కాదు సార్, కర్రలది!"

"నాకు తెలుసమ్మా. ఫొటోకి తెలీదుగా! పచ్చదనం తగ్గకుండా ఏం చేసుకుంటావో చేసుకో. నన్నడక్కు."

జీపు వెళ్ళిపోయింది. పెద్దక్క ఉక్రోషం పట్టలేక ఒక కర్రను పట్టుకుని గుంజింది. కర్ర వచ్చింది. దాని వేళ్ళను అల్లుకుని మొక్క కూడా వచ్చింది. మొక్కను విడదీసి, అదే గుంతలో మళ్ళీ పెట్టి మట్టి అదిమింది.

ఇక పీకడానికి లేదు. నేలబారుగా కోసి, వచ్చిన చిగురు వచ్చినట్టే గిల్లాలి. అదీ దిబ్బంతా ఒకేసారి కాదు. ఒక పట్టీ కోసి, గడ్డి విత్తనం చల్లి, అది పచ్చబడ్డాకే పక్క పట్టీ.

"ఎక్కడ మొదలెడదాం?" అన్నాడు మరిది.

"మా ఇంటి పైన."

వీధి నడుమ ఇల్లున్న కూలీ ఒకామె మూతి తిప్పింది. "అంతేలే అక్కా! మా ఇళ్ళలో ఉండేది మనుషులు కాదుగా!"

"బురద నీ ఇంటికి రావాలంటే ముందు నా ఇంట్లో భోంచేసి రావాలే తల్లీ. కత్తి తియ్యి!"

కోయడం ఒక ఎత్తు, కోసింది పారెయ్యడం ఒక ఎత్తు. ఎక్కడ పడేస్తే అక్కడ వేళ్ళు దిగే జాతి. మోపులు కట్టి, కింద బండరాయి దాకా మోసి, అక్కడ ఎండబెట్టాలి. కర్రలు మోయలేనన్న అదే వాలు మీద ఆమె రోజంతా ఎక్కింది, దిగింది. మోకాళ్ళు పటపటమన్నాయి.

గడ్డి పిలకలు వేలెడెత్తు లేచాయో లేదో, వాన కుమ్మేసింది.

"ఏమే, వచ్చిందా?" అంది అత్తగారు, కాళ్ళు ముడుచుకుని.

"వచ్చింది. గడప దగ్గర నిలబడి ఆలోచిస్తోంది," అంది పెద్దక్క, పార పట్టుకుని వెనక తలుపు దగ్గర కాపలా కాస్తూ.

గడప దాటలేదు. కానీ పెరడంతా బురదే. వాన వెలిశాక దాన్ని తట్టలకెత్తి, మరిదితో కలిసి తిరిగి దిబ్బ మీదికే మోసింది. పైకి వెళ్ళి చూస్తే, కోసిన ప్రతి మోడుకూ గుత్తులుగుత్తులుగా చిగుళ్ళు!

"నవ్వావంటే నిన్నూ ఇక్కడే పాతేస్తా," అంది మరిది వంక చూడకుండానే.

"నేను నవ్వట్లేదు వదినా." నిజంగానే నవ్వలేదు. తట్ట దించి ఆ చివర మోడు దగ్గర కూర్చున్నాడు.

పెద్దక్క ఈ చివర మోడు దగ్గర, నొప్పి మోకాలు బారజాపుకుని కూలబడింది. "నీ దుంప తెగ!" అంటూ మొదటి చిగురు గిల్లింది.